స్టేజీ లేని చోట

తొమ్మిదీ పదికి వస్తది పరకాల బస్సు.
వస్తే వస్తది, లేకుంటే పదకొండుకే.

మోకాళ్లకు గోళీలు రాసిచ్చి
"రోజూ నడువమ్మా" అన్నడు హన్మకొండ డాక్టరు.
నవ్వొచ్చింది.
ఇరవై ఆరు పంటలు పత్తి ఏరుకుంట నడిచింది
ఏ కాయిదంల ఎక్కలేదన్నట్టు.

మా ఊర్ల ఉత్తగ నడువనియ్యరు.
చేతిల కొడవలి లేదు, నెత్తి మీద గంప లేదు,
ఒక ఆడిమనిషి చేతులూపుకుంట పోతుంటే
అరుగు అరుగుకూ ఒక అడుగుడు:
"ఏడికి వదినా? ఎవలకన్న బాగలేదా?"
నాలుగిండ్లు దాటేసరికి
జవాబులకే ఆయాసమొస్తది.

అందుకే బస్సెక్కిన,
నడువడానికి.

ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్.
"ఏడ దిగుతవు పెద్దమ్మా?"
"ఎర్రమోరి దాటినంక, ఇప్పచెట్టు కాడ."
"గక్కడ ఊరే లేదు గదా. ఎవలింటికి?"
"ఎవలింటికీ కాదు."
కండక్టరు స్వరూపారాణి మిషిన్ల ఎంత దేవులాడినా
ఇప్పచెట్టు దొరుకలే.
ముందటి ఊరి పేరు కొట్టిచ్చింది.
టికెట్టు లెక్కన నేనింకా బస్సులనే ఉన్న,
కిటికీ పక్కన కూసొని పోతనే ఉన్న.

దిగినంక దుమ్ము లేచి
మెల్లగ కూసుంటది.
బస్సు సప్పుడు గుట్ట మలుపు కాడ తెగుతది.
అప్పుడు వినవడుతది
నా చెప్పుల సప్పుడు నాకు.

బండ్లబాట. రెండు గాడుల నడుమ గరిక.
ఎడమకు మొక్కజొన్న, ఇంకా పీచు నల్లబడలే.
కుడికి ఎవలో కోసి ఇడిసిపెట్టిన గ్రానైటు గుంత,
గుంతల నీళ్లు, నీళ్లల్ల గుట్ట తలకిందులు.
పరికి పండ్లు తెంపుకుంటే కొంగు చిరిగింది.
చిరిగితే చిరిగింది.

మొదటి దినం ఒర్రె దాకనే.
మూడోసారి ఒర్రె దాటిన.
పుష్యమాసం ఎల్లేసరికి గుట్ట సగం.

మేకల ఓదెలు ఆపిండు ఒకసారి:
"ఏం పోగొట్టుకున్నవే అవ్వా?"
"ఏం లేదు కొడుకా."
"మొన్న ఒకామె గూడ గిట్లనే ఏం లేదన్నది."
నమ్మలే వాడు.
కట్టెతోటి ఆకులు తిరగేసుకుంట
నా కోసం కాసేపు వెతికిండు.

ఫాల్గుణంల,
పదకొండు బస్సు బందు పెట్టిన వారానికి,
ఇప్పచెట్టు కాడ నేను దిగితే
నా ఎనుక ఇంకొకరు దిగిన్రు.
మర్రి చూస్తే మా ఊరి గుండేటి కనకవ్వ.
మూరెడు ఒడ్డు కోసం
పదకొండేండ్లసంది మాట లేదు మాకు.
ఆమె మోకాళ్లు చూసింది గూడ ఆ డాక్టరేనేమో.
అడుగలే నేను.

ముందట నేను, పది గజాల ఎనుక ఆమె.
ఇక్కడ ఏ ఒడ్డూ మాది కాదు.
రాలిన ఇప్పపూలు తొక్కకుండ
తప్పించి తప్పించి అడుగులేస్తున్న.
ఎనుక అడుగులు గూడ అట్లనే పడుతున్నయి,
ఆగి, తప్పించి.

ఒర్రె కాడ తిరిగి చూడకుండనే అన్న:
"నడిమి రాయి కదులుతది."
"ఎరుకే" అన్నది.

ఎట్ల ఎరుక?

ఆ ముచ్చట అడుగుదమంటే
పదకొండేండ్లు దాటాలె ముందు.
ఒర్రె దాటిన.

ఒంటిగంట బస్సు చెయ్యెత్తకముందే ఆగింది.
రెండు జీరో టికెట్లు.
ఆమె ముందు సీట్ల, నేను ఎనుక.
ఆమె కొంగుల మూట కట్టిన ఇప్పపూలు,
బస్సంత అదే వాసన.
"పొద్దుగాలనే ఎవడో తాగొచ్చిండు"
అని గులిగిండు ఒక ముసలాయన
ముక్కుకు తువ్వాల పెట్టుకొని.

కనకవ్వ కిటికీ దిక్కు మొఖం తిప్పింది.
అద్దంల ఆమె నవ్వు నాకు కనవడ్డది.
నాది ఆమెకు
కనవడ్డదో లేదో.